పురుగులు ఆకు మేసే చప్పుడు

ఆ రోజు ఇంట్లో వసారా మంచం మీద నాయన తల్లి, జేజి జీవమ్మ ఉంది. బోరు మోటారు విప్పి ముందేసుకుని నాయన ఓబుళేశు ఉన్నాడు. తోట నుంచి మోసుకొచ్చిన మల్బరీ ఆకు గంప దించి, పొయ్యి ముందు అమ్మ నాగజ్యోతి ఉంది. పెరటి షెడ్డులో నాలుగో జ్వరం లేచిన పట్టుపురుగులున్నాయి. పదో తరగతి యామిని కూడా ఉంది గానీ, ఉండకూడని చోట ఉంది.

కుబుసం విడిచే ముందు పురుగులు తిండి మాని కదలకుండా పడుకుంటాయి. పత్తికొండ పక్క ఊళ్ళలో దాన్నే జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక వాటి ఆకలికి పట్టపగ్గాలుండవు. షెడ్డంతా వాన పడుతున్నట్టు చప్పుడు. ఆ ఊళ్ళో వాన చప్పుడు అంతసేపు వినబడేది అక్కడే.

బడిలో ప్రమీలారాణి మేడం ఒక పని అప్పజెప్పింది. ఎవరూ చెవి పెట్టని చిన్న జీవి చప్పుడు ఫోనులో పట్టి తేవాలి. కిటికీలు మూసి చీకట్లో అందరికీ వినిపించి, అదేమిటో చివర్లో చెబుతారు. అప్పుడు దాన్ని కాలితో తొక్కబుద్ధవుతుందో లేదో అడుగుతారు. తరగతిలో నోరెత్తని యామిని, చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకునే యామిని, నోరు విప్పకుండా చేయగల పని దొరికిందని సంబరపడింది. రేపే ఆఖరి రోజు. ఈ పొద్దునే ఆమె బయట చేరింది.

‘ముట్టుది గడప తొక్కితే పురుగు పాలు కక్కి సస్తాది’ అని జేజి ఎన్నోసార్లు అంది. పోయినేడు ఊళ్ళో రామసుబ్బమ్మ పురుగుల పంటంతా పాలు కక్కి చస్తే వంకలో పారబోశారు. ఊరు ఊరంతా ఆమె కోడలి మొహం వైపే చూసింది. ఆ కోడలు ఇప్పటికీ తలెత్తి నడవదు.

అందుకే యామిని ఎవరికీ చెప్పలేదు. షెడ్డులోకి దూరి, నాయన పాత ఫోనులో రికార్డింగు నొక్కి పురుగుల తట్ట అంచున పెట్టి ఊపిరి బిగబట్టింది. అప్పుడు చూసింది. ఒక పురుగు పసుప్పచ్చగా ఉబ్బి తట్ట చుట్టూ తిరుగుతోంది. వేలు తగిలీతగలగానే చర్మం చిట్లి తెల్లటి పాలు కారాయి.

ఆమె చేయి వెనక్కి లాక్కుంది. అన్ని తట్టలూ అట్లా అయిపోతాయి. నాయన చూపు, జేజి శాపనార్థాలు, ఊరి చూపులు అన్నీ ఒక్కసారే మీద పడ్డట్టయింది.

తలుపు తీసుకుని అమ్మ గంపతో వచ్చింది.

“ఈడేం చేస్తాండావే?”

“మ్మా, నాకు పొద్దున... నా వల్లనే సచ్చిపోతాండాది.”

అమ్మ ఆమెనూ చూసింది, పురుగునూ చూసింది. ఆకుతో దాన్ని ఎత్తి సున్నం డబ్బాలో వేసింది. అందులో అట్లాంటివి అప్పటికే కొన్ని ఉన్నాయి.

“పంట పంటకూ ఉంటాయి. ఏరి పారేసేదే. నేను బయట చేరినప్పుడు ఈటికి ఆకేసేది ఎవరనుకున్యావు, మీ నాయనా?”

“నీకు నిలిచిపోయినాయి కదా?”

“పిల్లల ఆపరేషనైనాక నిలిచిపోయినాయని మీ జేజికి చెప్పినా. చెప్పకుంటే ఆ మూడు దినాలు ఎవరేస్తారు? ఒగ పూట వేయమంటే మీ నాయన, ‘నాకు నడుం పట్టేసినాది నాగీ, నువ్వు ఇంట్లో ఖాళీగానే ఉండావు కదా’ అన్న్యాడు. పురుక్కి ఆకలి తెలుస్తాది గానీ ముట్టు తెలుస్తాదా?”

మూలన గోనెపట్టల చాటున ఎప్పుడూ ఆరుతుండే పాత గుడ్డముక్కల వైపు యామిని చూసింది. అవి తట్టలు తుడిచేవని ఇన్నేళ్ళూ అనుకుంది.

అమ్మ చూపు ఫోను మీద ఆగింది. “అది తిరుగుతాందా?”

యామిని గబుక్కున చేయి చాపింది. అమ్మ ఆ చేయి పట్టుకుంది. 

“తుడపాకు.”

“రేపు బళ్ళో కిటికీలు మూసి అందరికీ వినిపిస్తారమ్మా.”

“చీకట్లోనే కదా.”

బయట జేజి కర్ర చప్పుడు దగ్గరైంది. “జ్యోతీ, పాప యాడ? షెడ్డులో ఎవరో మాట్లాడతాండారే.”

అమ్మ యామినిని తట్టల వెనక్కి నెట్టింది. ఆకు తట్టల్లో కుమ్మరించి, ఖాళీ గంప చంకన పెట్టుకుని బయటికి నడిచి తలుపు మూసింది. గొళ్ళెం పడింది. చీకట్లో పురుగులు ఆకు నములుతూనే ఉన్నాయి.

“లోపలెవరూ లేరత్తా” అంది అమ్మ.