మందుల కిటికీ

నయాపూల్ దగ్గరి ఒక దవాఖానలో రాజమణి మందులిచ్చే రోజుల్లో రోగులు సీసాలు ఇంటినుంచే తెచ్చుకునేవాళ్లు. ఎవరి సీసా వాళ్లకు కడిగి, మిక్చర్ మందు పోసి, మోతాదు తెలిసేలా పక్కన కాగితం పట్టీ అతికించి, కిటికీలోంచి అందించేది. ఛత్రినాకలో ఇల్లు చేరినా చేతులకు ఆ మందుల సోంపు వాసన పోయేది కాదు. పొద్దంతా అరుపులు, తోపులాట. మధ్యలో ఎవరో ఒకరు "అక్కా, నా బిడ్డకు పానం మంచిగైంది" అనేవాళ్లు. ఆ ఒక్క మాటతో అలసట ఎగిరిపోయేది.

డెబ్బై ఆరులో ఆమెను మందుల స్టోరుకు ఇన్‌ఛార్జిని చేశారు. భర్త ప్రకాశం వాడంతా మిఠాయి పంచాడు. స్టోరులో ఫ్యాను, పెద్ద బల్ల. అట్టపెట్టెలు దించుకోవడం, వార్డులకు పంపడం. అందరూ అదృష్టమన్నారు. రాజమణికి మాత్రం ఏమీ తోచేది కాదు. తాను పంపిన మందు ఎవరికి నయం చేసిందో చెప్పేవాళ్లే లేరు.

ఒకనాడు ఉండబట్టలేక కిటికీ వైపు నడిచింది. అక్కడ కొత్త ఫార్మసిస్టు సోమశేఖర్ చెమటలు కక్కుతున్నాడు. పనిమంతుడే, కానీ జనం మీదికొస్తే మాట తడబడుతుంది. ఆగమ్మ అనే ముసలామె రెండు సీసాలు పట్టుకుని, "ఏది తాగాలె, ఏది రాయాలె?" అని లొల్లి పెడుతోంది.

రాజమణి లోపలికి వెళ్లి ఒక సీసా మెడకు దారం చుట్టింది. "పెద్దమ్మా, దారమున్నది మోకాలికి రాయి. లేనిది తాగు. సమజైందా?"

"గిట్ల చెప్తే ఎందుకు సమజ్ కాదు బిడ్డా!"

ఆ పూటంతా రాజమణి అక్కడే ఉండిపోయింది. గుంపు తగ్గాక సోమశేఖర్ నిట్టూర్చాడు.

"మీ స్టోరు ఎంత నిమ్మళంగ ఉంటది మేడం! నాకు గసుంటి జాగ దొరికితే జిందగీ అంతా ఆడనే ఉంట."

"నిజంగనేనా?" అంది రాజమణి.

మర్నాడు ఇద్దరూ కలిసి సూపరింటెండెంట్ ముందు నిలబడ్డారు. ఆయన ఆశ్చర్యపోయాడు.

"ప్రమోషన్ వద్దంటవేందమ్మా? మళ్ల గా లొల్లిలకే పోతవా?"

"లొల్లి లేకుంటే మనసున పడ్తలేదు సార్."

ఆయన నవ్వి సరేనన్నాడు. సోమశేఖర్ స్టోరును అద్దంలా సర్దుకుని, కూనిరాగాలు తీసుకుంటూ అక్కడే స్థిరపడ్డాడు.

తర్వాత మిక్చర్ల కాలం పోయింది, రేకు చుట్టిన మాత్రలొచ్చాయి, రాజమణి రిటైరైంది. అయినా ఆ రోజులు తలుచుకుంటే ఆమెకు ముందుగా గుర్తొచ్చేది కిటికీకి తిరిగొచ్చిన ఆ పొద్దే. ఆనాడు ఉస్మాన్‌గంజ్‌లో మూటలు మోసే భిక్షపతి సీసా అందించి, "ఏడికి పోయినవక్కా ఇన్ని దినాలు? నీ చేతి మందైతెనే నాకు పడ్తది" అన్నాడు.

రాజమణి తల వంచుకుని, అతని సీసాను కావలసినదానికన్నా ఎక్కువసేపు కడిగింది.