గంజి చీర

గంజి ఇవాళ చిక్కగా అయింది, చీర అట్టలా నిలబడుతుంది, రేపు చర్చిలో చూసేదెవరు, ఇప్పుడు అన్నీ తెల్లవే కదా, దండెం మీద పరుస్తుంటే మళ్లీ ఆ చప్పుడు, శామీర్‌పేట చెరువు వైపు నుంచి, ఆయన పోయినప్పటి నుంచి, ఆరు వారాలుగా, శనివారం పొద్దెక్కాకే వినిపించే ఇంజను చప్పుడు, అత్తా వింటున్నవా అంటే ఎలీషమ్మత్త చాటలోంచి తలెత్తదు, గిర్నీ పిల్లా, మేడ్చల్ల పిండి గిర్నీ, అంటుంది, గిర్నీ ఒక్కచోటే మోగుతుంది గదా, ఇది తిరుగుతోంది, ఇంటి మీదుగా, చేను మీదుగా, మళ్లీ చెరువు మీదుగా, ఆయన తిరిగినట్టే, యుద్ధం అయ్యాక లష్కర్‌లో మిలిటరీ వాళ్లు పెట్టిన వేలంలో ఇంజను కొని ఏడాదిన్నర కట్టాడు ఆ విమానాన్ని, టేకు చట్రం ఆయనది, రెక్కల గుడ్డ కుట్టింది నేను, కుట్లు దగ్గరగుండాలె రాహేలూ, సందు దొరికితే గాలి సింపుతది, అనేవాడు, నీ పిట్ట గుడ్లు పెడుతదా జయరాజూ అని వీరయ్య పటేలు నవ్వితే, పెడితే మీ ఇంటికే పంపుత పటేలా, అని తనూ నవ్వాడు, పటేలు కోసిన జొన్నచేనులోనే రెండుసార్లు ఎగిరి మెత్తగా దిగాడు, గాలికి ఎదురుగానే దిగాలట, గాలి వెనక నుంచి తోస్తే విమానం చేతికి దొరకదట, పైనుంచి గాలి ఎట్ల కనపడుతది అంటే, నీ సీర కనపడుతది, అది ఎటు ఎగిరితే గాలి అటు పోతున్నట్టు, అందుకే శనివారం ఎగురుత, నువ్వు ఆరేసినంకనే, అన్నాడు.

ఆ శనివారమూ ఆరేశాను, ఇంటి మీద రెండు చుట్లు తిరిగి తల వంచి చూశాడు, చేనులోకి ఎప్పుడూ లేనంత జోరుగా వచ్చాడు, ముక్కు పైకెత్తి నెమ్మది చేయబోయాడు, ఒక రెక్క వాలి నేలకు తగిలింది, తర్వాత అంతా దుమ్ము, ఆ దుమ్ము ఆయన పోతున్న వైపే ముందుకు పోయింది, చెయ్యి తప్పింది అన్నారు అందరూ, నా కుట్టే విడిందేమోనని రెక్క గుడ్డంతా వేళ్లతో తడిమాను, ఒక్క పోగు తెగలేదు, ఆ రాత్రి దాన్నే పట్టుకుని పడుకున్నాను, నా తప్పు కాదు, నా తప్పు కాదు.

చప్పుడు నెత్తి మీదికొచ్చింది, గాలి వీపును తోస్తోంది, జల్దీ కానీయ్ పిల్లా, దుమ్ము లేస్తాంది, సీర కరాబైతది, అంటోంది అత్త, చెయ్యి తనంతట తనే వంగి రాయి తీసుకుంది, చీర చెంగులో పెట్టి ముడివేసింది, రెండో చెంగుకి రెండో రాయి, ఎప్పుడు దుమ్ము లేచినా వేసే ముడే, గాలి ఇంత కొడుతున్నా చీర బిగిసి నిలువునా వేలాడుతోంది, కదలదు, ఆ శనివారమూ దుమ్ము లేచింది, ఆ శనివారమూ రాళ్లు కట్టాను, ఆయన రెండు చుట్లు తిరిగి ఇలాగే కదలకుండా వేలాడే చీరనే చూశాడు, గాలి లేదని ఆయనకు చెప్పింది నేనే.