తేలిక కట్టెల మంట

చిట్టి ఉద్యోగం చెట్లను కాల్చడం. కాస్త మర్యాదగా చెప్పాలంటే, వంటచెరకు కోసం త్వరగా పెరిగే చెట్లను సాగుచేసే ఒక పరిశోధన తోటలో, ఏ కర్ర ఎంత వేడినిస్తుందో, ఎంత బూడిద మిగులుస్తుందో కొలవడం. వాళ్ల నాన్నది కట్టెల బట్టీ ఉన్న బేకరీ. ఇద్దరి బతుకూ నిప్పుతోనే అయినా, కట్టెల మాటెత్తితే తండ్రీకూతుళ్లకు క్షణం పడేది కాదు.

నాన్నకు గట్టి కట్టెలు పంపే అడితి మూతపడింది. ఇదే అదనుగా చిట్టి, తోటలో కొట్టి ఎండబెట్టిన మూడేళ్ల చెట్ల కర్రను బండినిండా తెచ్చి దింపించింది.

నాన్న ఒక ముక్కను ఎగరేసి పట్టుకున్నాడు. "ఇది కట్టెనా, బెండా? ఇంత తేలిగ్గా ఉందేంటే!"

"కిలోకి కిలో వేసి చూడు నాన్నా, నీ పాత కట్టెలకి ఏం తీసిపోదు. నేను కొలిచాను."

"చెట్ల డాక్టరమ్మ చెప్పాక కాదంటామా!"

మర్నాడు పొద్దున్నే బట్టీ నింపి అంటించారు. మంట భగ్గున లేచింది. చిట్టి నడుం మీద చేతులు పెట్టుకుని ఊరంతా చూడాలన్నట్టు నిలబడింది. అంతలోనే మంట కాస్తా చప్పబడింది. నిప్పులు పక్కకు లాగి రొట్టెలు పెట్టారు. తీసి చూస్తే అవి జ్వరం నుంచి లేచిన మనుషుల్లా పాలిపోయి ఉన్నాయి.

"నీ చెట్లు మాటకారివేనమ్మా," అని నాన్న పకపకా నవ్వాడు. "పని దగ్గరికొచ్చేసరికి నీరుగారిపోయాయి."

చిట్టికి తల కొట్టేసినట్టయింది. ఉండబట్టలేక అడిగింది. "ఎంత వేశావు నాన్నా?"

"ఎప్పుడూ వేసినంతే. బట్టీ నిండా."

ఆమె మూలన మిగిలిన పాత కట్టెనూ, అంతే లావూ పొడవూ ఉన్న కొత్త కట్టెనూ పిండి తూచే త్రాసులో చెరోవైపు పెట్టింది. పాతది ఠక్కున కిందికి దిగింది. కొత్తది గాల్లోనే ఉండిపోయింది.

"అయ్యో, నేను బరువు లెక్క చెప్పాను, నువ్వు బట్టీ నిండా లెక్క వేశావు. త్వరగా పెరిగిన కర్ర గుల్లగా ఉంటుంది. బట్టీ నిండినా వేడి సగమే. ముందే చెప్పాల్సింది, తప్పు నాదే."

"మీ లెక్కలు తేలేలోపు నా రొట్టెలు చల్లారిపోతున్నాయి," అంటూ, పిండి కలిపే అమ్మ వచ్చి వాటిని ముక్కలుగా కోసి, ఆ మిగిలిన సన్నటి సెగలోనే పరిచేసింది. సాయంత్రానికి అవి కరకరలాడే రస్కులయ్యాయి. కొన్నవాళ్లు దారిలోనే కొరుక్కుంటూ వెళ్లారు.

తర్వాతి రోజు మొదటి విడత కాలి కుంగగానే మళ్లీ బట్టీ నింపారు. లోపలి ఇటుకలు తెల్లబడేదాకా కాలాయి. ఈసారి రొట్టెలు దోరగా పొంగాయి. నాన్న మెచ్చుకోలేదు. మొదటి రొట్టె విరిచి పెద్ద ముక్క చిట్టి చేతిలో పెట్టాడంతే.

సెలవు రోజున ఆయనే అడిగాడు. "ఏదీ, ఆ చెట్లు చూపించు."

ముగ్గురూ తోటకు వెళ్లారు. కొట్టేసిన మొదళ్ల చుట్టూ కొత్త కొమ్మలు గుంపుగా లేచి ఆయన తలను దాటిపోయాయి.

"నరికినా ఇంత పొగరా వీటికి!"

"మళ్లీ నాటక్కర్లేదు నాన్నా. వాటంతటవే లేస్తాయి."

ఆయన ముచ్చటపడి ఒక్కో మొదలూ తడుముతూ లోపలికి నడిచాడు. కాసేపటికి గట్టు మీంచి అమ్మ కేకేసింది. "చిట్టీ, మీ నాన్న ఏరే?"

"ఇక్కడే ఉన్నానే!" ఆకుల్లోంచి గొంతు వినిపించింది. "దారే కనపడట్లేదు!"