ఎలియుద్ బిగించిన తీగలు

భర్త ఎలియుద్ పోయిన నలభై రెండో రోజున ఇవెలిస్ షెడ్డు తాళం తీసింది. తనంతట తాను అనుకుని తీసింది కాదు. ఎర్మినియో మాస్టారు ఫోన్ చేసి "బండి తెస్తున్నానమ్మా" అంటే "సరే" అంది. ఈమధ్య ఎవరేమన్నా సరే అంటోంది. పోయినవాడి కోసం తొమ్మిది రోజులు చేసే జపమాల ప్రార్థనకి వచ్చిన ఆడవాళ్ళు తినమంటే తింది, పడుకోమంటే పడుకుంది. ఏడవమని ఎవరూ చెప్పలేదు, ఏడవలేదు.

ప్యూర్టోరికో పడమటి వైపు రోటరీ బండి ఉన్నవాడికి మోకా కొండదారిలోని ఆ షెడ్డు తెలియకపోవడం ఉండదు. మామూలు ఇంజన్లో పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకుంటాయి. రోటరీలో మూడు మూలల రోటర్లు రెండు గిరగిరా తిరుగుతాయి. ఆ ఇంజన్ని విప్పి కట్టడం ఎలియుద్ పని. కట్టాక కాయిళ్ళు, ప్లగ్గులు, టైమింగు చూసి నిప్పు సరిచేయడం ఇవెలిస్ పని. "ఒళ్ళు నేను చేస్తా, ప్రాణం ఆవిడ పోస్తుంది" అని వచ్చినవాళ్ళందరి దగ్గరా అనేవాడు ఎలియుద్. ఇరవై రెండేళ్ళు అలాగే నడిచింది. నవంబర్లో ఒకరోజు స్నానాలగదిలో పడిపోయాడు. తలలో గడ్డ అన్నారు. మూడు వారాలు కూడా ఉండలేదు.

మాస్టారి నారింజరంగు కూపే కారు పంతొమ్మిది వందల డెబ్భై నాలుగు నాటిది. మలుపులో ఉండగానే దాని చప్పుడు వినిపించింది. గేటు దగ్గర రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి ఎలాగో లోపలికొచ్చి, దగ్గి, వెనక గొట్టంలోంచి టప్పున పేలింది.

"విన్నావుగా" అన్నాడు మాస్టారు దిగుతూ. ఆయనకి డెబ్భై ఆరేళ్ళు. ఇవెలిస్‌కి ఆరో తరగతిలో లెక్కలు చెప్పాడు. "ఆగితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. మొన్న చర్చి ముందు పేలితే ఫాదరు గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఇంకొంచెమైతే తన చావు ప్రార్థన తనే చదువుకునేవాడు."

అది నవ్వాల్సిన మాటని ఆమెకి తెలిసింది. నోరు మాత్రం కదల్లేదు.

"ఎప్పట్నించి?"

మాస్టారు చేతిలోని కందికాయల సంచి బల్లమీద పెట్టి, దాని మూతి సర్దుతూ నిలబడ్డాడు. "కొంతకాలం నించీ" అన్నాడు.

ఇవెలిస్ బానెట్ ఎత్తింది. చేతులు వాటంతటవే పనిలోకి దిగాయి. ముందు గాలి ఎక్కడన్నా దొంగతనంగా లోపలికి పోతోందేమోనని ఇంజన్ని నడవనిచ్చి, కార్బురేటర్ అడుగున చుట్టూ స్ప్రే కొట్టింది. గాలి పోతుంటే చప్పుడు మారాలి, మారలేదు. ఇంజన్ ఆపి, ఒక్కో రోటరుకి ఒక్కో ప్లగ్గు విప్పింది. నిప్పు రాకుండా చేసి, మాస్టారిని స్టార్టర్ తిప్పమంది. ప్లగ్గు కన్నంలోంచి ఫుస్ ఫుస్ ఫుస్ అని మూడు ఊపిర్లు సమంగా వచ్చాయి. రెండో రోటరూ అంతే. ఒంట్లో జబ్బు లేదు. ఎలియుద్ కట్టిన ఇంజన్‌లో జబ్బెందుకుంటుంది?

మిగిలింది నిప్పు. ప్రతి రోటరుకీ ఒక ప్లగ్గు కిందా ఒకటి పైనా ఉంటాయి. అసలు పని కిందిదే చేస్తుంది. పైది రెప్పపాటు వెనకాల వచ్చి, మిగిలిందాన్ని కాలుస్తుంది. బండి ఆగి ఇంజన్ నడుస్తున్నప్పుడు పై ప్లగ్గుకి పోయే తీగ ఊడబీకినా పెద్ద తేడా ఉండదు.

విప్పిన ప్లగ్గులు బిగించి ఇంజన్ మళ్ళీ నడిపింది, చేతికి మందపాటి తొడుగు వేసుకుని ఒక పై తీగ పీకింది. వణుకు తగ్గింది. రెండోది కూడా పీకింది. ఇంజన్ కుదుటపడి, ఒక్క పేలుడూ లేకుండా నడిచింది.

తీగ తీస్తే బాగుపడిందంటే, ఆ తీగ తప్పుచోట ఉన్నట్టు. వేళ్ళతో తడుముతూ, ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత దాకా వెళ్ళింది. పై తీగలు రెండూ తారుమారుగా ఉన్నాయి. ఒక రోటరుకి పోవాల్సిన నిప్పు రెండోదానికి పోతోంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదటి వారంలో చేసే తప్పది. తీగలు కొత్తవి. వాటిని కలిపికట్టిన నల్లటేపు ముడి ఎలియుద్‌ది.

"ఇవి ఎప్పుడు వేశాడు మాస్టారూ?"

"సెప్టెంబర్లో. నువ్వు పోన్సేలో మీ అక్క ఆపరేషన్‌కి వెళ్ళావు చూడు, అప్పుడు."

ఆమె ఇంజన్ ఆపేసింది.

మాస్టారు స్టూలు మీద కూర్చున్నాడు. "ఆ రోజు తీగలు రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడమ్మా. తర్వాత నన్ను 'కాందో' అని పిలిచాడు. కాందో మా తమ్ముడు. పోయి పదకొండేళ్ళయింది. నేను వేళాకోళమనుకుని నవ్వేశాను. ఇంటికెళ్ళే దారిలోనే బండి పేలడం మొదలుపెట్టింది. వెనక్కి తెస్తే నీకు తెలిసిపోతుంది, వాడికి చిన్నతనంగా ఉంటుందనుకున్నా. తర్వాత వాడే లేకుండా పోయాడు."

రెండు నెలల ముందు తీసుకొచ్చి ఉంటే ఏదన్నా చేసి చూసేవాళ్ళం అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. ఆ మాట మాస్టారికి తెలియదు. ఇవెలిస్‌కి తెలుసు. తనకి కోపం వస్తుందేమోనని చూసుకుంది. మత్తుసూది పొడిచిన పంటిచిగురు మీద నాలుక ఆడించినట్టుగా ఉంది, అంతే.

"పోన్సే నించి వచ్చిన మర్నాడు" అంది, "కాఫీలో రెండుసార్లు ఉప్పేశాడు. ముసలాడివయిపోయావురా, నిన్ను మార్చి కొత్తవాణ్ణి తెచ్చుకుంటానన్నా. నేనూ నవ్వాను మాస్టారూ."

ఇవెలిస్ టేపు ముడి కత్తిరించి, తీగలు రెండూ మార్చి, తాళం తిప్పింది. ఇంజన్ ఒక్క ఉదుటున అందుకుని నిదానంగా నిలబడింది. ఆమె టైమింగు కూడా చూసింది. అది సరిగ్గానే ఉంది. అది మాత్రం సరిగ్గా పెట్టాడు.

మాస్టారు వెళ్ళేముందు ఆమె తలమీద చేయి పెట్టాడు. "అన్నం తింటున్నావా?"

"తింటున్నా."

ఆయన వెళ్ళాక ఇవెలిస్ పనులు రాసుకునే గోడమీది కేలండర్ తీసి సెప్టెంబరుకి తిప్పింది. తను పోన్సేలో ఉన్న పది రోజుల్లో ఎలియుద్ ఇంకో రెండు బండ్లు చేశాడు. మొదటివాడికి ఫోన్ చేసింది. అతని బండి బంగారంలా నడుస్తోందట. రెండోవాడు ఇసబెలా ఊరి ఒబేద్.

"వదినా! నిన్ననే ఓడ దిగా" అన్నాడు ఒబేద్. "మూణ్ణెల్లు నీళ్ళమీదే. నా బండి నిలబడితే గునుస్తోంది, నేనే చేద్దామనుకుంటున్నా. ఏడీ మా అన్న? ఫోనివ్వు, నాలుగు తిట్లు తిట్టాలి."

"ఎలియుద్ చనిపోయాడు ఒబేద్."

ఆ మాట ఆమె అనడం అదే మొదటిసారి. ఇంతకుముందు అందరికీ వేరేవాళ్ళే చెప్పారు.

అవతల ముక్కు ఎగబీల్చిన శబ్దం వినిపించింది. ఇవెలిస్ ఫోన్ చెవికి ఆనించుకుని, అతను ఏడవడం అయ్యేదాకా ఆగింది.

"రేపు బండి తీసుకురా" అంది. "తీగలు నువ్వు ముట్టుకోకు. నేను చూస్తా."

"తొమ్మిదింటికి వస్తా వదినా."

"ఎనిమిదికే రా" అంది ఇవెలిస్. "షెడ్డు తీసే ఉంచుతా."