తెరమీద వేరే గొంతు

సీరియల్ మొదలయ్యే టైముకి జెనివాల్ బారులో నిలబడ్డానికి కూడా చోటు లేదు. రెసీఫీ ఊరి అంచున, కొండ వాలు మీదున్న ఆ వాడ మొత్తం అక్కడే ఉంది. తమ తైనారా మొదటిసారి టీవీలో కనబడుతోంది మరి. వాళ్లమ్మ ఎదిలేవ్జా కర్రపెండలం అట్లు చేసి తెచ్చి, వద్దన్నవాళ్లకీ పెడుతోంది.

తైనారా కూడలిలో ర్యాప్ పందేలు ఆడి మగపిల్లల నోళ్లు మూయించిన పిల్ల. ఆ వీడియోలు చూసి, సీరియల్ దర్శకురాలు లియోనోర్ ఆమెని ఎక్కడో దూరాన ఉన్న రియో నగరానికి పిలిపించి, పనిమనిషి కూతురి వేషం ఇచ్చింది.

తెరమీద తైనారా ముఖం కనబడగానే ఈలలు, కేకలు. ఆ ముఖం నోరు తెరిచింది.

గొంతు ఆమెది కాదు.

నున్నటి రియో యాస. పెదాలు తైనారావి, మాటలు ఇంకెవరివో. జనం మధ్యలో కూర్చున్న తైనారా తెరకేసి ముందుకి వంగింది.

"నా టీవీకేం రోగం?" అంటూ జెనివాల్ దానిమీద ఒక్కటిచ్చాడు.

"పిల్లకి రియో నీళ్లు పడ్డాయిరోయ్!" అన్నారెవరో. నవ్వులు లేచి, తైనారాని చూసి ఆగిపోయాయి.

"ఏమే, ఎవరే ఆ మాట్లాడేది?" అంది ఎదిలేవ్జా.

"తెలీదమ్మా."

నిజంగానే తెలీదు. బయటికొచ్చి లియోనోర్‌కి ఫోన్ చేసింది.

"అయ్యో, నీకెవరూ చెప్పలేదా?" అందావిడ. "మీ యాస జనానికి అర్థం కాదన్నారు పైవాళ్లు. ముఖం నీదేగా తల్లీ, అంత బాధ దేనికి?"

"ముఖం మా అమ్మిచ్చింది మేడమ్. గొంతు నేను సంపాదించుకున్నా."

తర్వాత షూటింగులో తైనారా పెదవి కదపలేదు. లియోనోర్ అరిచింది, బతిమాలింది.

"ఇంకొకావిడ ఉందిగా, ఆవిణ్ణే మాట్లాడమనండి," అంది తైనారా.

ఆ రోజే ఇంటికి పంపేశారు. సీరియల్లో పనిమనిషి కూతురు పోర్చుగల్లో చదువుకోడానికి వెళ్లిపోయింది. తైనారా మళ్లీ కూడలిలో మైకు పట్టుకుంది. ఈసారి వినేవాళ్లు రెట్టింపయ్యారు.

ఒకరోజు బస్సులో పక్కసీటావిడ ఆమెని పట్టిపట్టి చూసి, చెయ్యి పట్టేసుకుంది.

"ఆ సీరియల్ పిల్లవి కదూ! పోర్చుగల్ నుంచి ఎప్పుడొచ్చావమ్మా?"

"నేనేనండీ. అసలు వెళితేగా రావడానికి," అని నవ్వింది తైనారా.

ఆవిడ సంబరం అక్కడికక్కడే ఆరిపోయింది. చెయ్యి వదిలేసింది.

"నువ్వు కాదులే. ఆ పిల్ల గొంతు ఎంత బాగుంటుందనీ!"

ఆవిడది కూడా రెసీఫీ యాసే. తైనారా దిగాల్సిన స్టాపు వచ్చింది, పోయింది. ఆమె సీట్లోంచి లేవలేదు.