కిటికీ కోసం కోటలు

ఆ కొట్టుకి ఉన్నది ఒకే గది, ఒకే కిటికీ. అన్నదమ్ములు మాత్రం ఇద్దరు. అన్న కళ్ళజోళ్ళు అమ్ముతాడు, తమ్ముడు గడియారాలు బాగుచేస్తాడు. తండ్రి పోయాక కొట్టు ఇద్దరిదీ అయింది. ఇద్దరిదీ అయిన వస్తువు ఒక్కరిది అయ్యేదాకా అన్నకు తిన్నది ఒంటబట్టదు.

అందుకోసం అతను కనిపెట్టిన న్యాయస్థానం ఒక అట్టపెట్టె. అందులో ఆరు మూలల గళ్ళు గీసిన పెద్ద అట్ట. దాని మీద కొండలు, పొలాలు, ఒక చివర రేవు. వాటితో పాటు చెక్కతో చేసిన ఇళ్ళు, గోడలు, కోటలు. ఇల్లు కట్టిన గడి మనది. గోడలతో చుట్టేసిన నేలంతా మనది. ఆట ముగిసేసరికి ఎవరి నేల ఎక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూసి ఉన్నప్పుడు ఇద్దరూ ఆడుకుని, కొట్టులో ఏది ఎవరిదో తేల్చుకోవాలి.

"నోరు పారేసుకోవడం తెలివితక్కువ వాళ్ళ పద్ధతి. మనం బుద్ధితో తేల్చుకుందాం," అనేవాడు అన్న.

బుద్ధి ఎప్పుడూ అన్న వైపే తేలేది. మొదటి ఏడాది గోడ బీరువాలన్నీ గెలుచుకున్నాడు. మరుసటి ఏడాది ముందు కౌంటరు గెలిచాడు. తమ్ముడికి మిగిలింది కిటికీ కింద మూరెడు బల్ల. వదిన మొగుడికి సార్వభౌముడని పేరు పెట్టింది. ఆయన అది పొగడ్త అనుకున్నాడు.

తమ్ముడు రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, అన్నతో తగవు రానీయకు స్వామీ అని అడిగేవాడు. తగవైతే రాలేదు, ఆట వచ్చింది. తగవు కన్నా ఆట ఏ విధంగా నయమో దేవుణ్ణే అడగాలని అతనికి ఈమధ్య అనిపిస్తోంది.

ఆ ఆదివారం అన్న పెట్టె విప్పుతూ, "ఇవాళ కిటికీ," అన్నాడు. "అక్కడ కొత్త ఫ్రేముల స్టాండు పెట్టానంటే వీధి వీధంతా ఆగి చూస్తుంది."

"అన్నయ్యా, నావి ఆవగింజలో సగముండే మరలు. దీపం కింద చేస్తే నా చెయ్యి నీడ నా పని మీదే పడుతుంది. పోయిన నెల రెండు రోజులు చేసి చూశాను, కళ్ళ వెంట ఒకటే నీళ్ళు. కిటికీ పోతే నా పని పోయినట్టే."

"కళ్ళదేముందిరా, అద్దాలు నేనివ్వనూ?"

తీర్పరిగా కూర్చున్న వదిన నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది.

ఆట మొదలైంది. అన్నవి ఎర్ర ఇళ్ళు, తమ్ముడివి నీలం ఇళ్ళు. అన్న ఇల్లు పెడితే మేకు కొట్టినట్టు చప్పుడయ్యేది. పెట్టిన ప్రతిసారీ ఒక ఉపన్యాసం.

"నేలంటే ఏమిటనుకున్నావు? పట్టు! ముందు మూలలు పట్టాలి, తరవాత దారులు కొయ్యాలి, ఆఖర్న గోడ కట్టెయ్యాలి. నువ్వేమో మధ్యలో కూర్చుని పూరిగుడిసెలు వేసుకుంటున్నావు."

"ఉండనీ అన్నయ్యా, గుడిసెల్లోనూ మనుషులే ఉంటారు."

"అదే నీ జబ్బు. ఆడమంటే వేదాంతం చెబుతావు."

సొంత పెళ్ళాం చీర కొనమంటే ముప్ఫైసార్లు ఆలోచించే మనిషి, అట్ట మీద కొండలు మాత్రం గుక్క తిప్పుకోకుండా ఆక్రమించాడు. ఎవరికీ అక్కర్లేని రాళ్ళ నేల చుట్టూ కూడా గోడ కట్టాడు. తమ్ముడి చివరి పొలం చేజిక్కాక కూడా ఊరుకోలేదు. చేతిలో ఇంకా ఒక గోడ మిగిలి ఉంది. మిగిలినదాన్ని వాడకుండా వదలడం అతని వంశంలో లేదు. దాన్ని తీసుకెళ్ళి రేవు పక్కన ఠక్కున పెట్టి, "అయిపోయింది!" అన్నాడు.

తమ్ముడు అట్ట వైపు వంగి చూశాడు. పళ్ళచక్రంలో ఒక పన్ను విరిగినా పట్టేసే కన్ను అది.

"అన్నయ్యా, నీ దారి నువ్వే మూసేశావు. రేవుకి దారి లేని నేల ఎవరిదీ కాదని పోయినేడు నియమం రాశావు కదా. దాంతోనే నా కౌంటరు పుచ్చుకున్నావు."

వదిన నియమాల పుస్తకం తెరిచింది. నియమాలన్నీ అన్న సొంత చేతిరాతే. ఏడో పేజీలో అక్షరం పొల్లుపోకుండా ఉంది. ఆవిడ తీరిగ్గా చదివి, "ఎర్ర నేల సున్న. నీలం గుడిసెలు నాలుగింటికీ రేవుకి దారుంది. మరిది గెలిచాడు," అంది.

అన్న మొహం ఎర్రబడింది. పుస్తకం లాక్కుని ఆ నియమం మీద అడ్డంగా గీత గీశాడు. "అది కొత్తగా నేర్చుకునేవాళ్ళకి పెట్టింది. మనకి వర్తించదు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు!" అంది వదిన.

"నువ్వూరుకో. రేపు పొద్దున స్టాండు వస్తోంది."

తమ్ముడు నీలం గుడిసెలు ఒక్కొక్కటే తీసి పెట్టెలో వేశాడు. ఇన్నాళ్ళూ తను ఓడిపోయానని బాధపడ్డాడు గానీ, అసలు ఆట ఆడనేలేదని ఇప్పుడే తెలిసింది. గెలిచినా ఇంతేనన్నమాట! రెండేళ్ళ ఆదివారాలు తలుచుకుని సిగ్గుపడ్డాడు.

మర్నాడు కొట్టు తెరవగానే అతను కిటికీ కింద కూర్చుని ఒక చేతిగడియారం విప్పాడు. కాసేపటికి అన్న తన ఎత్తున్న స్టాండుని కౌగిలించుకుని, ఆయాసపడుతూ లోపలికొచ్చాడు.

"లే. బల్ల జరుపు."

"గడియారం విప్పి ఉంది అన్నయ్యా."

అన్న ఆగిపోయాడు. విప్పిన గడియారం ఉన్న బల్లని కదపకూడదన్నది తండ్రి కట్టుబాటు. చిన్నప్పుడు ఒకసారి ఆ బల్లని తన్ని, మూడు రోజులు నేల మీద పాకుతూ మరలు ఏరినవాడు అన్నే. ఆ కొట్టులో అతను రాయని నియమం అదొక్కటే. దాని మీద గీత గీయడానికి చెయ్యి రాలేదు.

"ఎంతసేపు?"

"అయిపోవచ్చింది."

ఆ గడియారం మూతపడే లోపల తమ్ముడి ఎడం చెయ్యి ఇంకో గడియారం విప్పింది. అది పూర్తవుతుండగా మూడోది. అన్న స్టాండు కౌగిలిని రెండుసార్లు సర్దుకున్నాడు. కొనడానికొచ్చిన పెద్దాయనకి స్టాండు చాటున అన్న కనబడక, కౌంటరు దగ్గర నిలబడి, "ఏమండీ, కళ్ళజోళ్ళ ఆయన లేరా?" అని అడిగాడు. చివరికి స్టాండు అన్న బీరువాల ముందే నిలబడింది. ఇప్పుడు ఫ్రేము తియ్యాలంటే అతను పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని దూరాల్సి వస్తోంది.

ఇది మోసమా అని తమ్ముడు దేవుణ్ణి అడిగాడు. జవాబు రాలేదు. వెలుతురు మాత్రం బల్ల నిండా పడుతోంది. దాన్నే జవాబనుకోవచ్చో లేదో తెలియక, పట్టకారు అందుకున్నాడు.

ఆదివారం అన్న పెట్టె తీసి పిలిచాడు. "రారా, ఈసారి నియమాలన్నీ సరిగ్గా రాశాను."

"నువ్వాడుకో అన్నయ్యా. నాకు పనుంది."

అన్న ఎర్రా నీలం రెండూ తనే ఆడాడట. మధ్యలో నీలం తొండి చేసిందని గొడవ పెట్టుకున్నాడట. వదిన మర్నాడు వచ్చి చెప్పింది. ఎవరు గెలిచారో తమ్ముడు అడగలేదు.