ఆరో గేటు తాళం

ఫుట్‌బాల్ మైదానంలో తొక్కిసలాట జరిగి ముప్పై నలుగురు చనిపోయిన మర్నాడు, అభిమానులు తాగొచ్చి గేటు మీద పడ్డారని పేపర్లో మొదటి పేజీ వార్త వచ్చింది. మైదానం బందోబస్తు చూసిన పోలీసు అధికారి చెప్పింది చెప్పినట్టే రాసిన విలేఖరికి ఇరవై తొమ్మిదేళ్లు. వార్త మీద తన పేరు చూసుకుని ఆ పూట మురిసిపోయింది కూడా.

నాలుగో రోజు ఒక దర్జీ ఆ పేపరు మడిచి పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"ఇది రాసింది మీరేనా అమ్మా?"

"నేనేనండి."

"పోయినవాళ్లలో మా అమ్మాయి ఉంది. కాలేజీ జట్టుకి గోల్‌కీపరు. సోడా తాగితేనే ముక్కు మండుతోందని ఇల్లు పీకి పందిరేసేది. తను తాగిందని మీకెవరు చెప్పారు?"

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పి పంపేసేదేమో. "కనుక్కుంటాను బాబాయ్" అని మాత్రం అనగలిగింది.

కనుక్కోవడానికి రెండేళ్లు పట్టింది. ఆస్పత్రి కాగితాల ప్రకారం ముప్పై నలుగురిలో ఒక్కరి రక్తంలోనే మద్యం ఉంది, అదీ నామమాత్రంగా. బతికి బయటపడ్డవాళ్లందరూ ఆరో గేటుకి తాళం వేసి ఉందన్నారు. పోలీసులు లేదన్నారు. "కాగితం తే, వేస్తాను. మాటలతో వేస్తే మనల్నే లోపలేస్తారు" అన్నాడు ఎడిటరు.

ఆ కాగితం, అప్పుడే పదవీ విరమణ చేసిన హెడ్ కానిస్టేబులు ఇంట్లో దొరికింది. ఆయన భోజనాల బల్ల మీద రెండు వాంగ్మూలాలు పరిచాడు. మొదటిది ఆయన చేతిరాత: ఆరో గేటు బయట అధికారి తన అతిథుల కార్లు పెట్టించి, గేటుకి తాళం వేయించి, తాళంచెవి పట్టుకుపోయాడు, వైర్‌లెస్‌లో మూడుసార్లు అడిగినా పలకలేదు. ఆ వాక్యాలన్నీ ఎవరో ఎర్ర సిరాతో కొట్టేశారు. రెండోది టైపు చేసింది. అందులో తాళం లేదు, తాగుబోతులున్నారు.

"దీని మీద సంతకం కూడా నాదేనమ్మా. పెట్టమన్నారు, పెట్టాను. అప్పట్నించి మా ఆవిడ నా ముఖం చూసి మాట్లాడలేదు."

"ఇవాళ మాట్లాడతాలెండి," వంటింట్లోంచి వినిపించింది. "మీ పేరు దాచకుండా రాసుకోమనండి."

విలేఖరి తన వార్తను ఇలా మొదలుపెట్టింది: 'రెండేళ్ల కిందట ఇదే పేపర్లో నేను రాసింది అబద్ధం.'

"మన పరువు మనమే తీసుకోవాలా?" అన్నాడు ఎడిటరు.

"వాళ్ల పరువు తీసింది మనమే కదండీ."

ఆయన ఆ వాక్యాన్ని అలాగే ఉంచాడు.

వార్త వచ్చిన వారంలో మరో పదకొండు మంది కానిస్టేబుళ్లు ఎర్ర గీతలున్న తమ వాంగ్మూలాలు పట్టుకుని ముందుకొచ్చారు. విచారణ జరిగింది. అధికారికి శిక్ష పడింది. చనిపోయినవాళ్ల తప్పు ఏమీ లేదంటూ జడ్జి ముప్పై నాలుగు పేర్లూ పైకి చదివారు. కూతురి పేరు వినగానే దర్జీ లేచి నిలబడ్డాడు. బంట్రోతు కూర్చోమని సైగ చేస్తే జడ్జి వద్దన్నారు. ఆ తర్వాత ఒక్కో పేరుకీ ఒక్కో కుటుంబం లేచింది. చివరికి హాల్లో కూర్చున్నవాళ్లు కొద్దిమందే మిగిలారు.

బయట మైకులు చుట్టుముడితే దర్జీ విలేఖరిని చెయ్యి పట్టి ముందుకు తెచ్చాడు.

"మా అమ్మాయి మీద ఈమే తప్పు రాసింది. తప్పని ఒప్పుకుని నిజం తెచ్చింది కూడా ఈమే. రెండూ రాసుకోండి."

ఆమె కళ్లు తుడుచుకుని, తలెత్తి ఆయన పక్కన నిలబడింది.